గ్రేడిల్‌లోనే ఉందామా, బేజెల్‌కి మారిపోదామా: మొబైల్ టీమ్‌కి ఏది మేలు?

గ్రేడిల్, బేజెల్ రెండూ రాసిన కోడ్‌ని నడిచే యాప్‌గా తయారు చేసే, అంటే బిల్డ్ చేసే టూల్స్. ముందే నా మాట చెప్పేస్తా. మీది ఒక్క ఆండ్రాయిడ్ యాప్, ఇరవై ముప్పై మాడ్యూళ్లు (కోడ్‌ని విడగొట్టిన ముక్కలు), చిన్న టీమ్ అయితే బేజెల్ జోలికి వెళ్లకండి. ఆండ్రాయిడ్, ఐఓఎస్, బ్యాకెండ్ అన్నీ ఒకే రెపోలో (కోడ్ నిల్వలో) ఉండి, మాడ్యూళ్లు వందల్లో ఉండి, బిల్డ్ పనే చూసుకునే మనుషులు ఇద్దరు ముగ్గురైనా ఉంటే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు.

గ్రేడిల్ స్లో అని తిట్టేవాళ్ల ప్రాజెక్టు తెరిచి చూస్తే, చాలాసార్లు అందులో ఉన్న సదుపాయాలు సగం ఆన్ చేసి కూడా ఉండవు. ఒకసారి కట్టినదాన్ని దాచి మళ్లీ వాడే బిల్డ్ క్యాష్ 2017లోనే వచ్చింది, బిల్డ్ సెటప్ లెక్కని దాచే కాన్ఫిగరేషన్ క్యాష్ 2023లో గ్రేడిల్ 8.1తో స్టేబుల్ అయింది, పాత ప్రాజెక్టుల్లో ఈ రెండూ మనమే ఆన్ చేసుకోవాలి. కోడ్‌లోని అన్నోటేషన్లు చూసి అదనపు కోడ్ రాసిపెట్టే క్యాప్ట్ ఇంకా వాడుతుంటే అది కోట్లిన్ కోడ్‌కి ముందు జావా స్టబ్‌లు (డొల్ల ఫైళ్లు) తయారు చేసి ఆ తర్వాతే అసలు పని మొదలుపెడుతుంది, అదే పని చేసే కేఎస్‌పీకి మారితే ఆ స్టబ్‌ల గోల ఉండదు. ఇంకోటి, ఎవరో ఎప్పుడో బిల్డ్ కాన్ఫిగ్‌లో (బిల్డ్ విలువలు ఉండే ఫైల్లో) బిల్డ్ అయిన టైమ్ పెట్టి ఉంటారు. సెకను మారితే విలువ మారుతుంది, విలువ మారితే ఆ మాడ్యూల్ ప్రతిసారీ మళ్లీ కంపైల్ అవుతుంది, క్యాష్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. డీబగ్ బిల్డ్‌లో దాన్ని ఒక స్థిరమైన విలువ చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

సరే, బేజెల్ గొప్పదనం ఏంటి? గూగుల్ లోపల వాడే బ్లేజ్ నుంచి పుట్టింది, 2015లో బయటికొచ్చింది, 1.0 వచ్చేసరికి 2019 అయింది. ప్రతి టార్గెట్ (బిల్డ్ చేసే ఒక్కో ముక్క) తనకేం కావాలో ముందే రాసి ఇవ్వాలి, బిల్డ్ నడిచే విడి గదిలాంటి శాండ్‌బాక్స్‌లో అవి తప్ప ఇంకేవీ కనబడవు. అందుకే క్యాష్‌లోంచి వచ్చినదాన్ని ధైర్యంగా నమ్మొచ్చు, క్యాష్ పంచుకుంటే సీఐ (కోడ్‌ని తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే సర్వర్) ఒకసారి కట్టినదాన్ని మీ లాప్‌టాప్ మళ్లీ కట్టక్కర్లేదు, ఏది తేడా కొట్టినా ముందు "క్లీన్" కొట్టి అన్నీ మొదటి నుంచి బిల్డ్ చేసే అలవాటు దాదాపు పోతుంది. ఒక ప్రోటో ఫైల్ (యాప్, సర్వర్ ఇచ్చిపుచ్చుకునే డేటా రూపం రాసే ఫైల్) మార్చితే దాని మీద ఆధారపడ్డ ఆండ్రాయిడ్ టెస్టులు, ఐఓఎస్ టెస్టులు మాత్రమే నడుస్తాయి. పెద్ద రెపోలో ఇది మామూలు లాభం కాదు.

కానీ రోజువారీ బతుకు వేరేలా ఉంటుంది. గ్రేడిల్‌లో కొత్త లైబ్రరీ అంటే ఒక లైను రాసి సింక్ కొట్టడమే. బేజెల్‌లో మాడ్యూల్ ఫైల్‌లోని మేవెన్ (జావా లైబ్రరీల భండారం) జాబితాలో చేర్చాలి, వెర్షన్లు ఖరారు చేసే లాక్ ఫైల్ ఉంటే మళ్లీ పిన్ చేయాలి, వాడే ప్రతి టార్గెట్ బిల్డ్ ఫైల్లోనూ డిపెండెన్సీగా రాయాలి, అదే రెపోలో పక్క టీమ్ టార్గెట్‌ని వాడబోతే విజిబిలిటీ (వాడుకునే అనుమతి) లేదని ఇంకో ఎర్రర్. గ్రేడిల్ ప్లగిన్‌లుగా వచ్చేవి ఇక్కడ నడవవు. గూగుల్ సేవల సెట్టింగులుండే గూగుల్ సర్వీసెస్ జేసన్ ఫైల్‌ని రిసోర్సులుగా మార్చే పని కూడా వేరే రూల్‌తో చేసుకోవాలి. చిత్రం ఏంటంటే బేజెల్ చేసిందీ గూగులే, యాప్ డెవలపర్లకి ఆండ్రాయిడ్ స్టూడియోతో గ్రేడిల్‌ని చేతికిచ్చేదీ గూగులే. పైగా నెట్‌లో దొరికే ట్యుటోరియల్స్‌లో చాలావరకు లైబ్రరీలని వర్క్‌స్పేస్ ఫైల్లో రాసే పాత పద్ధతివే, బేజెల్ 8 నుంచి అది డీఫాల్ట్‌గా ఆఫ్.

ఐఓఎస్ వాళ్ల బాధ ప్రాజెక్ట్ ఫైల్ మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌లే అయితే ఆ ప్రాజెక్ట్ ఫైల్‌ని తానే తయారు చేసే ట్యూయిస్ట్ సరిపోతుంది, దానికోసం బేజెల్ దాకా పోనక్కర్లేదు. మెటా (ఫేస్‌బుక్ కంపెనీ) చేసిన బిల్డ్ టూల్ బక్2 వేగంగానే ఉంటుంది, రస్ట్‌లో రాశారు, కానీ మెటా బయట దాని చుట్టూ ఉన్న జనం తక్కువ, సందేహం వస్తే అడగడానికి మనిషి దొరకడం కష్టం.

అయినా మారాలనే ఉంటే ఒక్కసారిగా దూకకండి. క్యాబ్ యాప్ కంపెనీ గ్రాబ్ వాళ్ల గ్రేజెల్ ప్లగిన్ గ్రేడిల్ స్క్రిప్టుల నుంచే బేజెల్ ఫైళ్లు తయారు చేస్తుంది కాబట్టి కొన్నాళ్లు రెండూ పక్కపక్కనే నడపొచ్చు. కొలిచేటప్పుడు క్లీన్ బిల్డ్ టైమ్ చూసి మురిసిపోవద్దు. రోజంతా జనం చేసేది ఒక ఫైల్లో ఒక లైను మార్చి రన్ కొట్టడం. ఆ టైమ్ కొలవండి, గ్రేడిల్‌ని సరిచేశాక ఒకసారి, బేజెల్‌లో ఒకసారి.