తిన్నది లెక్కకట్టే యాప్: రెండు నెలలు వాడాక 5కి 3

రెండు నెలలుగా నోట్లోకి వెళ్లిన ప్రతిదీ ఒక యాప్‌లో ఎక్కిస్తున్నాను. పేరు చెప్పను. రాత్రికి మూడు రంగుల్లో ఒక చక్రం చూపిస్తుంది, కార్బోహైడ్రేట్లు ఇంత, ప్రోటీన్ ఇంత, కొవ్వు ఇంత అని.

ముందు మంచి చెబుతాను, ఎందుకంటే నూనె విషయంలో నా కళ్లు తెరిపించింది ఇదే. అలవాటు ప్రకారం సీసా వంచేయడమే తప్ప ఏనాడూ కొలవలేదు. ఓరోజు ఖాళీ బాణలి తూకం మీద పెట్టి, అంకె సున్నా చేసి, రోజూ పోసినట్టే పోశాను. 40 గ్రాములు! గ్రాము కార్బోహైడ్రేట్‌కైనా ప్రోటీన్‌కైనా 4 కేలరీలే, కొవ్వుకి మాత్రం 9, అంటే స్టవ్ వెలిగించకముందే 360 కేలరీలు బాణలిలో ఉన్నాయి. బాదం గింజలదీ అదే కథ. ప్రోటీన్ కోసమని గుప్పెళ్లు గుప్పెళ్లు తినేవాడిని, తీరా చూస్తే 100 గ్రాముల్లో ప్రోటీన్ 21 గ్రాములు, కొవ్వు 50 దాకా. అలాగని కొవ్వు కొంచెం దాటగానే ఎర్రరంగు వేసి భయపెట్టడం నాకు నచ్చలేదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు ఉండాల్సిందే కదా.

ఇక చిరాకులు. లిస్టులో ఎవరు పడితే వాళ్లు ఎక్కించిన అంకెలున్నాయి. ఒకదానిలో కార్బోహైడ్రేట్లు 10, ప్రోటీన్ 20, కొవ్వు 5 గ్రాములు, మొత్తం 90 కేలరీలు అని రాసి ఉంది. మీరే వేసి చూడండి, 40, 80, 45, కలిపితే 165. ఇలా 4-4-9 లెక్క వేసుకోకుండా దేన్నీ నమ్మొద్దు. నా తప్పూ ఒకటుంది, అన్నం తూచి బియ్యం అంకె నొక్కాను, అదీ వారం రోజులు. 100 గ్రాముల బియ్యానికి 350 పైచిలుకు కేలరీలు, అదే బరువు అన్నానికి 130 చిల్లర. ఆ వారం చక్రం చూసి ఎంత టెన్షన్ పడ్డానో!

అసలు కోపం మాత్రం టార్గెట్ మీద. 'ఫిట్‌గా ఉండాలి' అని నొక్కితే ప్రోటీన్ 40 శాతం పెట్టేసింది. 2000 కేలరీల్లో అది 200 గ్రాములు. నా బరువు 60 కిలోలు, మామూలు పెద్దవాళ్లకి కిలోకి 0.8 గ్రాము చొప్పున చూస్తే 48 చాలు. కసరత్తు చేసేవాళ్లకి ఎక్కువే కావాలి, ఒప్పుకుంటాను, కానీ నాలుగు రెట్లా? కేలరీల్లో కార్బోహైడ్రేట్లు 45 నుంచి 65 శాతం, ప్రోటీన్ 10 నుంచి 35, కొవ్వు 20 నుంచి 35 అనేది పెద్దవాళ్లకి సాధారణంగా చెప్పే హద్దు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి 50-20-30 చేసుకున్నాను, అంటే 250, 100, 67 గ్రాములు. శాతాలు సమానంగా లేవు కాబట్టి గ్రాములూ ఉండవు సరే, కానీ 20 శాతానికి 100 గ్రాములొస్తే 30 శాతానికి 67 రావడం చూసి మొదట యాప్ పాడైందనుకున్నాను. అదీ ఆ 9 మహిమే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ప్రోటీన్ అంకెని డాక్టర్‌ని అడిగే పెట్టుకోండి.

ఇంకో లోటు, చక్కెర నీళ్లకీ పొట్టు తీయని ధాన్యానికీ చక్రంలో ఒకటే రంగు. రోజుకి కనీసం 25 గ్రాముల పీచు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ఆ పీచు అంకె చూడాలంటే డబ్బు కట్టమంటోంది. కట్టలేదు. ఇప్పుడు వారానికి రెండు రోజులే ఎక్కిస్తున్నాను, నూనె మాత్రం రోజూ తూచే పోస్తున్నాను.