గోస్తనీ వెంట విడతల నడక: జామిలో భోజనం, తాటిపూడి దారిలో బస

తాటిపూడి జలాశయానికి వెళ్లే దారిలో మేము ఒక రాత్రి గడిపిన బస గురించి తెలిసి, మరొకరు మాలాగా మోసపోకూడదన్నదే ఇది రాయడానికి మొదటి కారణం. అయితే మమ్మల్ని అక్కడిదాకా నడిపించిన గోస్తనీ నది గురించి ఏమీ చెప్పకుండా ఆ బస మీద ఫిర్యాదు ఒక్కటే రాస్తే నదికి అన్యాయం చేసినట్టవుతుంది.

విశాఖ నగరం తాగే నీటిలో కొంత తాటిపూడి నుంచే వస్తుంది. జీవితమంతా ఆ నీళ్లు తాగిన మనం ఆ నదిని ఒక్కసారైనా ఆసాంతం చూడకపోతే ఎలా అని మాస్టారు పట్టుబట్టడంతో, అది సముద్రంలో కలిసే భీమిలి నుంచి పుట్టినచోటైన అనంతగిరి కొండల వరకు, సెలవు రోజుల్లో, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడుతూ నడవాలని నిశ్చయించుకున్నాము. మాస్టారు, నేను, మా బావ, పోర్టులో పనిచేసి రిటైరైన మిత్రుడు, వెరసి నలుగురం. 900కె బస్సులో భీమిలి చేరి, అక్కడి నుంచి తగరపువలస వరకు నడిచిన మొదటి విడతలో చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏమీ కలగలేదు.

పద్మనాభంలో మాత్రం కాసేపు నిలబడవలసిందే. పేష్కష్ (కట్టవలసిన కప్పం) విషయంలో ఈస్టిండియా కంపెనీతో వచ్చిన తగాదా ముదిరి, 1794 జూలై 10న విజయనగరం రాజు రెండవ విజయరామరాజు తన అనుచరులతో సహా యుద్ధంలో ప్రాణాలు విడిచిన నేల ఇది. మాస్టారు ఆ కథ చెబుతున్నంతసేపూ, దారి పొడవునా మోకాళ్ల నొప్పులని సణుగుతూ వచ్చిన పోర్టు మిత్రుడు నోరెత్తలేదు. కొండ మీది అనంత పద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి కనుక ఆయన కింద కుంతీమాధవస్వామి ఆలయంలోనే ఉండిపోయారు. మోకాళ్లు బాగుంటే పైకి తప్పక ఎక్కండి. వెళ్తే ఎండ ముదరక ముందే వెళ్లండి.

జామి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరి చివర తాటాకుల పాకలో, గోడ మీద సుద్దతో ‘భోజనం 80’ అని రాసి ఉన్న చిన్న హోటల్లో కూర్చున్నాము. అప్పుడే గంజి వార్చిన ముతక బియ్యపు అన్నం, వంకాయ చిక్కుడుకాయ కూర, కరకరలాడే ఎండు నెత్తళ్ల వేపుడు, ఇనుప గరిటెతో పోసిన చిక్కటి ఉలవచారు, ఆ చారులో తేలే వేయించిన ఎండుమిరపకాయ ముక్కలు ఇప్పటికీ నా కళ్లలో ఉన్నాయి. మా బావ తిండి విషయంలో ఎక్కడా తృప్తి పడని మనిషి. అలాంటివాడు మూడోసారి చారు పోయించుకుని ఇక చాలని ఆకు మీద చెయ్యి అడ్డుపెడితే, వడ్డిస్తున్న పెద్దావిడ ‘ఏటి బాబూ, అన్నం ఒగ్గీసినారేటి? మజ్జిగలోకి కలుపుకోండి’ అని గదిమి తినిపించింది. నలుగురికీ కలిపి 320 రూపాయలే తీసుకున్నారు. మారు వడ్డించినదానికి పైసా అదనంగా అడగలేదు. ఈ నడకలో డబ్బిచ్చి తృప్తిపడిన చోటు ఏదని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా ఆ పాక పేరే చెబుతాను.

ఇక తాటిపూడి విడత. 1963 – 68 మధ్య గోస్తనీ మీద కట్టిన ఈ జలాశయం చుట్టూ కొండలు, తెల్లవారుజామున నీటి మీద మంచు చూడాలంటే రాత్రి అక్కడికి దగ్గరలో ఉండాలని మా బావే ఒక ప్రైవేటు బసకు ఫోన్ చేశాడు. గదికి 1,500 చొప్పున రెండు గదులకు మాట్లాడుకుని, అడ్వాన్సుగా 1,000 రూపాయలు ఫోన్‌పే చేశాము. చీకటిపడే వేళకు కాళ్లీడ్చుకుంటూ చేరితే, శనివారం కనుక గదికి 2,200 అన్నారు. వెనక్కి పోదామంటే ఆ వేళప్పుడు ఆటో దొరకదని వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు.

గది తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన కొట్టింది. దిండు గలీబు మీద అంతకుముందు పడుకున్నవారి తలనూనె మరక గుండ్రంగా, స్పష్టంగా కనబడుతోంది. దుప్పటి మార్చమంటే అదే దుప్పటిని తిరగేసి పరిచారు. గీజరు పనిచేయదు, బకెట్ వేడినీళ్లకు 50 రూపాయలు. రాత్రి భోజనమంటూ ప్లేటు 250 చొప్పున చల్లారిన బిర్యానీ పెట్టారు. ఉదయం లెక్క 5,600కు తేలింది. అడ్వాన్సు మినహాయించమంటే అది ‘బుకింగ్ చార్జి’ అని కొత్త మాట చెప్పారు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. ఎప్పుడూ గొంతు పెంచని మాస్టారు అరగంటసేపు నిలదీస్తే 500 వెనక్కి ఇచ్చారు. అంటే 3,000కు కుదుర్చుకున్న గదులకు, తినలేని తిండికి, నాలుగు బకెట్ల నీళ్లకు మేము మొత్తం 6,100 చెల్లించాము. బస కుదిర్చింది తానేనని మా బావ ఆ ఉదయమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. జలాశయం గట్టు మీద మంచు అనుకున్నంత అందంగానే ఉన్నా దాన్ని చూసే మనసు మాలో ఎవరికీ మిగలలేదు.

నా సలహా ఒక్కటే: రాత్రికి ఎస్.కోట (శృంగవరపుకోట) వెళ్లిపోండి. తర్వాతి విడతకు మేము అక్కడే శుభ్రమైన గది 800కు తీసుకున్నాము. తెల్లవారకముందే ఆటో మాట్లాడుకుంటే మంచు కరగకముందే తాటిపూడి చేరవచ్చు. ఎక్కడ దిగినా, గది ధర, వేడినీళ్లు, భోజనం అన్నీ వాట్సాప్‌లో రాయించుకోకుండా అడ్వాన్సు పంపకండి.

తాటిపూడి పైన కొండల్లో నదిని అంటిపెట్టుకుని నడవడం కొత్తవారికి తగదని ఊరివాళ్లు గట్టిగా చెప్పడంతో, చివరి విడతకు కిరండూల్ పాసింజర్ ఎక్కి బొర్రా గుహలు స్టేషన్‌లో దిగాము. సున్నపురాతిని ఇదే గోస్తనీ నీరు యుగాల తరబడి కరిగించి తొలిచిన గుహలు అవి. కటికి జలపాతానికి జీపువాళ్లు నలుగురికి 1,600 అడిగారు. తాటిపూడి అనుభవం తర్వాత బేరమాడే ఓపిక లేక నడిచే వెళ్లాము. దారి రాళ్లమయమే అయినా నడవగలిగినవారికి జీపు అక్కరలేదు. జలపాతం దగ్గర మా బావ చాలా రోజుల తర్వాత మనసారా నవ్వి, 300 పెట్టి బొంగు చికెన్ కొని అందరికీ పంచాడు. వర్షాకాలంలో మాత్రం ఆ రాళ్ల మీద అడుగు పెట్టకండి. తిరుగు రైలు సమయం స్టేషన్‌లో దిగగానే కనుక్కుని, దానికి రెండు గంటల ముందే జలపాతం దగ్గర నుంచి బయలుదేరండి.