డిక్కీ తలుపు ఎటు తెరుచుకుంటుంది? రెండు కార్లు, 12 ఏళ్ళ వాడకం

కారు రివ్యూ ఏది చూసినా డిక్కీ గురించి ఒకటే ముక్క ఉంటుంది, ఇన్ని లీటర్లు అని. ఆ లీటర్ల దాకా మన చెయ్యి వెళ్ళాలంటే ముందు ఒక తలుపు తెరవాలి కదా, ఆ తలుపు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నేను 2013 నుంచి 2022 దాకా ఒక చిన్న ఎస్‌యూవీ నడిపాను, డిక్కీ డోర్ పక్కకి తెరుచుకునేది, స్టెప్నీ ఆ డోర్‌కే తగిలించి ఉండేది, 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. 2022 నుంచి ఉన్నది పైకి లేచే డోర్ కారు, ఇదీ 46,000 దాటింది. రెండిట్లోనూ ఎక్కించింది ఇంచుమించు అవే సామాన్లు. నెలనెలా 26 కిలోల బియ్యం బస్తా, ఎండాకాలం నూజివీడు నుంచి మామిడికాయల క్రేట్లు, అన్నిటికంటే ఎక్కువసార్లు అమ్మ వీల్‌చెయిర్. 2017లో అమ్మకి తుంటి ఎముక విరిగింది, అప్పటినుంచి డిక్కీ తియ్యకుండా మేము బయటికెళ్ళిన రోజు లేదు.

ముందు అన్నిటికంటే ముఖ్యమైన విషయం చెప్పేస్తాను. డోర్ పక్కకి తెరుచుకునేదైతే బందులు ఏ పక్కన ఉన్నాయో చూడండి. మనం రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతాం, కారు ఆపితే ఫుట్‌పాత్ ఎడమ వైపుంటుంది, మనిషి దిగేది అటే, సామాను దించాల్సింది కూడా అటే. బందులు కుడివైపు ఉండి హ్యాండిల్ ఎడమవైపు ఉంటే తలుపు రోడ్డు వైపుకి తెరుచుకుని మనకీ ట్రాఫిక్‌కీ మధ్య అడ్డు నిలబడుతుంది, మనం ఫుట్‌పాత్ వైపు నిలబడి హాయిగా దించుకోవచ్చు. నా పాత కారులో అది తిరగబడి ఉండేది. బందులు ఎడమవైపు, హ్యాండిల్ కుడివైపు. డోర్ తెరిస్తే ఫుట్‌పాత్‌కి దారి మూసేస్తుంది, నేనేమో కుడి మూల, వచ్చే బళ్ళకి వీపు పెట్టి నిలబడాలి, కుర్చీ తియ్యాలి, స్టెప్నీతో సహా పొడుచుకొచ్చిన ఆ తలుపు చుట్టూ తిరిగి అవతలికి మొయ్యాలి.

కొన్నప్పుడు ఇది నాకు తట్టనే లేదు. షోరూంలో కారు గోడకి దూరంగా నాలుగు వైపులా ఖాళీగా నిలబెట్టి ఉంటుంది, ఏ పక్కకి తెరిచినా బాగానే ఉంటుంది. 2018లో ఒక సాయంత్రం అమ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళి, గేటు లోపల చోటు లేదంటే రోడ్డు మీదే ఆపాను. వీల్‌చెయిర్ సగం బయటికి లాగానో లేదో ఒక ఆటో అద్దం నా మోచేతికి రాసుకుంటూ పోయింది. కుర్చీ చేతిలోంచి జారి రోడ్డు మీద పడింది, వెనకాల వస్తున్న బైకతను బ్రేకు కొట్టి పక్కకి తిప్పేశాడు కాబట్టి సరిపోయింది. అమ్మ వెనక సీట్లో కూర్చుని అద్దంలోంచి ఇదంతా చూసింది, ఆ రోజంతా మాట్లాడలేదు. ఆ తర్వాత నేను ఎంత దూరమైనా సరే కారు లోపలికి పెట్టే చోటు దొరికేదాకా ఆపేవాణ్ణి కాదు.

ఇలాంటివి ఎందుకు తయారవుతాయంటే ఒక దేశం కోసం గీసిన తలుపుని ఇంకో దేశంలో కూడా అలాగే అమ్ముతారు కాబట్టి. టయోటా ర్యావ్4 సంగతి చూడండి, జపాన్‌లో కూడా మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు, అందుకని దానికి బందులు కుడివైపు పెట్టారు, అక్కడ చక్కగా సరిపోయింది. అదే కారు అమెరికా వెళ్ళేసరికి అక్కడ కుడి పక్కన నడుపుతారు కదా, తలుపు సరిగ్గా ఫుట్‌పాత్‌కి అడ్డం పడింది. 2013 మోడల్‌కి వచ్చేసరికి పక్క తలుపు తీసేసి పైకి లేచేది పెట్టారు, వెనకాల స్టెప్నీ కూడా పోయింది. హోండా సీఆర్‌వీ కూడా మొదటి రెండు తరాలు పక్క తలుపే, మూడో తరం నుంచి పైకి లేస్తుంది. ఇప్పుడు మన దగ్గర దొరికే మారుతి జిమ్నీకి కూడా పక్క తలుపే, హ్యాండిల్ ఎడమవైపే ఉంటుంది, అది మన రోడ్డుకి సరైన పక్క. కాబట్టి లెక్క తేలిక, వెనక నిలబడి చూసినప్పుడు హ్యాండిల్ ఎడమ చేతి వైపు ఉంటే మంచిది.

అలాగని పక్క తలుపు చెడ్డదని నేననను. దాన్ని జానెడు తెరిచి కూరగాయల సంచీ లోపల పడేసి మూసెయ్యొచ్చు. మా ఆవిడ అయిదడుగులుంటుంది, పాత కారు డోర్ ఒంటి చేత్తో మూసేది, కొత్త కారు డోర్ పూర్తిగా పైకి లేచాక మునివేళ్ళ మీద నిలబడి అందుకోవాలి. లోపలి గుంటలో చెయ్యి పెట్టి లాగాలంటే మనిషి కాస్త ఎత్తుండాలి. నేను ఆ పట్టుకునే చోట ఒక నవారు ముక్క గట్టిగా కట్టాను, జానెడున్నర వేలాడుతుంది, ఇప్పుడు ఇబ్బంది లేదు. మూసేటప్పుడు అది గడికి అడ్డం పడకుండా పొడుగు చూసుకుని కట్టుకోవాలి అంతే.

స్టెప్నీ డోర్ మీద ఉండటంలో ఉన్న సుఖం ఒకటి చెప్పాలి. 2019 మే నెలలో నూజివీడు నుంచి వస్తుంటే కోదాడ దాటాక పంక్చరైంది, డిక్కీ నిండా రసాల క్రేట్లు. అయినా ఒక్క కాయ కదపకుండా వెనకాల నాలుగు నట్లు విప్పి చక్రం మార్చుకుని వచ్చేశాను. కొత్త కారులో స్టెప్నీ డిక్కీ అడుగున, పలక కింద ఉంది. పోయినేడాది అదే రోడ్డు మీద రాత్రి పదిన్నరకి పంక్చరైతే ఎనిమిది క్రేట్లు, రెండు సూట్‌కేసులు, వీల్‌చెయిర్ అన్నీ దించి రోడ్డు పక్కన పేర్చుకోవాల్సి వచ్చింది, లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే పిల్లలిద్దర్నీ రైలింగ్ అవతల నిలబెట్టాం. (స్టెప్నీ అనే మాట కూడా ఒక వీధి పేరు, వేల్స్‌లో లనెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ స్ట్రీట్ ఉంది, 1904లో అక్కడే స్పేర్ చక్రం తయారీ మొదలైంది. ఆ పేరు మన నోళ్ళలో ఇంకా బతికే ఉంది.)

కానీ ఆ చక్రం బరువు మోసేది డోర్ బందులే. డిస్క్‌తో కలిపి ఇరవై కిలోలకి అటూఇటూ ఉంటుంది, గతుకు వచ్చినప్పుడల్లా ఆ బరువు బందుల్ని కిందికి గుంజుతుంది. 70,000 దాటాక నా డోర్ వెనకాల టకటక చప్పుడు మొదలైంది, మూసేటప్పుడు కాస్త పైకెత్తి మూస్తే గానీ గడి పడేది కాదు. మెకానిక్ చూపించిన పరీక్ష మీరూ చెయ్యొచ్చు, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు తప్పకుండా చెయ్యాలి. డోర్ సగం తెరిచి హ్యాండిల్ దగ్గర పట్టుకుని పైకి ఎత్తండి, ఏ మాత్రం ఊగినా బందుల్లో పిన్నులు అరిగినట్టే. నాకు ముందు గడి కొక్కెం కాస్త కిందికి జరిపి సర్దారు, డోర్ అంచుల్లో ఉండే రబ్బరు గుబ్బలు కొత్తవి వేశారు, ఏడాది నడిచింది, తర్వాత బందులే మార్చాల్సి వచ్చింది.

ఇంకోటి, రివర్స్ సెన్సర్లు బంపర్‌లో ఉంటాయి, స్టెప్నీ బంపర్ కంటే వెనక్కి పొడుచుకుని ఉంటుంది. సెన్సర్ ఇంకా చోటుందని చెప్తున్నప్పుడే చక్రం గోడకి తగిలేస్తుంది, ఆ దెబ్బ మెత్తగా టైరుకి తగిలినా అది వెళ్ళేది డోర్ షీటులోకి. నాకు ఒకసారి షీటు లోపలికి పోయి టింకరింగ్ చేయించాల్సి వచ్చింది.

ఇప్పుడు పైకి లేచే డోర్. వానలో దీనికి సాటి లేదు, దాని కింద నిలబడి కుర్చీ విప్పి, దులిపి, అమ్మ డోర్ దగ్గరికి తోసుకెళ్ళొచ్చు. రోడ్డు మీద ఏ పక్కనుంచైనా సామాను అందుకోవచ్చు, అందుకే నేను ఈసారి ఇది తీసుకున్నాను. కానీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వేరే కథ. మా పార్కింగ్ మీదుగా డ్రైనేజీ పైపు పోతుంది, కారు తెచ్చిన మూడో రోజే డోర్ లేచి దానికి తగిలి అంచున పెయింట్ లేచిపోయింది. పైపుకి పరుపు స్పాంజ్ చుట్టి టేపు వేశాను. కొనేముందు ఒక పని చెయ్యండి, టెస్ట్ డ్రైవ్ బండిని మీ సెల్లార్‌కే తెప్పించుకుని మీ చోట్లోనే వెనక్కి పెట్టి డోర్ తెరిచి చూడండి, పైన బీమ్‌కీ వెనక గోడకీ రెండిటికీ. పక్క తలుపుకైతే వెనకాల కారు వెడల్పు అంత చోటు వదలాలి, గోడకి దగ్గరగా పెడితే అసలు తెరుచుకోదు.

డోర్‌ని పైన నిలబెట్టేవి గ్యాస్ రాడ్లు, మెకానిక్‌లు హైడ్రాలిక్ రాడ్లు అంటారు గానీ లోపల ఉండేది ఎక్కువ ఒత్తిడిలో నింపిన నైట్రోజన్, దానికి తోడు కొంచెం ఆయిల్. ఏళ్ళు గడిచేకొద్దీ గ్యాస్ నెమ్మదిగా తగ్గుతుంది, చలికి ఒత్తిడి ఇంకా పడిపోతుంది, అందుకని బలహీనపడిన రాడ్లు ముందు బయటపడేది డిసెంబర్ పొద్దున్నే. ఈ చలికాలం మా డోర్ పైకి లేచి ఒక నిమిషం నిలబడి మెల్లగా దిగడం మొదలెట్టింది, అమ్మ కుర్చీ తీస్తున్నప్పుడు గడి ఇనుము నెత్తికి తగిలింది. రెండూ కలిపి మార్పించాను, 2,400 అయింది. ఒక్కటే మార్చమని అడక్కండి, బలం ఒక పక్కే ఉంటే డోర్ మెలితిరుగుతుంది. పాతవాటిని విప్పడం, కొయ్యడం, మంటలో వెయ్యడం అసలు వద్దు, లోపల ఒత్తిడి ఇంకా ఉంటుంది.

తాళం సంగతి. ఈ మధ్య డిక్కీకి తాళంచెవి కన్నమే ఉండట్లేదు, రబ్బరు కింద చిన్న స్విచ్, నొక్కితే మోటార్ గడి తీస్తుంది. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా పడుకున్న రోజు ఆ డోర్ తెరుచుకోదు. మాకు అలాగే అయింది, వీల్‌చెయిర్ లోపల, అమ్మ లిఫ్ట్ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, అపాయింట్‌మెంట్‌కి అరగంట. వెనక సీటు మడిచి లోపలికి పాకితే డోర్ లోపలి వైపు చిన్న మూత ఉంది, స్క్రూడ్రైవర్‌తో అది తీసి లోపలి మీట పక్కకి జరిపితే గడి వదిలింది. ఈ సంగతి పుస్తకంలో రాసి ఉంది, నేను చదవలేదు. మీ కారులో అది ఎక్కడుందో ఇవాళే చూసి పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చూపించండి.

వైరింగ్ ఇంకోటి. డోర్‌లోకి వెళ్ళే వైర్లన్నీ బందుల దగ్గర మడతల రబ్బరు గొట్టంలోంచి వెళ్తాయి, తలుపు తెరిచిన ప్రతిసారీ అవి వంగుతాయి, ఏళ్ళ తరబడి వంగి వంగి లోపల తెగుతాయి. పాత కారులో ముందు నంబర్ ప్లేట్ లైటు పోయింది, తర్వాత వెనక వైపర్, తర్వాత ఎప్పుడైనా ఒకసారి రివర్స్ కెమెరా. బల్బు మార్చారు, వైపర్ మోటార్ మార్చమన్నారు. చివరికి ఒక ముసలి ఎలక్ట్రీషియన్ ఆ గొట్టం వెనక్కి లాగి చూస్తే మూడు వైర్లు తెగి ఉన్నాయి. డోర్‌లో రెండు మూడు వస్తువులు ఒకేసారి మొరాయిస్తే ముందు ఆ గొట్టం చూడమనండి, డబ్బులు మిగుల్తాయి.

గడప ఎత్తు గురించి ఎంత చెప్పినా తక్కువే. డిక్కీ గడప అంటే సామాను ఎంత ఎత్తుకి లేపి లోపల పెట్టాలో ఆ అంచు. పాత కారులో తలుపు బంపర్ దాకా దిగేది, గడప నేలనుంచి 68 సెం.మీ., లోపల నేల దాంతో సమానంగా ఉండేది, బస్తా అంచు మీద ఆనించి తోసేస్తే వెళ్ళిపోయేది. కొత్తదానికి 75, పైగా లోపల ఇంకో జానెడు గుంట. అంటే బస్తా ముందు ఎత్తాలి, తర్వాత దించాలి, తీసేటప్పుడు వంగి మళ్ళీ ఎత్తాలి. ఆ ఏడు సెంటీమీటర్లు, ఆ గుంట నా నడుముకి తెలుస్తున్నాయి. నేను గుంటలో ప్లైవుడ్ పలక వేయించి గడపకి సమం చేశాను, కింద ఖాళీలో జాకీ, తాడు, గొడుగులు పెట్టుకుంటున్నాం.

హోండా వాళ్ళు 2015లో జపాన్‌లో స్టెప్‌వ్యాగన్ అనే వ్యాన్‌కి ఒక తలుపు చేశారు, మొత్తం పైకి లేస్తుంది, అందులోనే ఎడమ వైపు ముక్క పక్కకి కూడా తెరుచుకుంటుంది. నాలాంటి వాడికి అదే సరైన తలుపు అనిపించింది. 2022లో వచ్చిన తర్వాతి మోడల్‌లో దాన్ని తీసేశారు, బాధేసింది.

ఒక హెచ్చరిక, పొడుగు పైపులు, నిచ్చెనలు వేసుకుని డిక్కీ సగం తెరిచి తాడు కట్టి నడపకండి. నడిచే కారు వెనకాల గాలి ఒత్తిడి తగ్గి సైలెన్సర్ పొగ లోపలికి లాగేస్తుంది, అందులో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ట్రాలీ ఆటో మాట్లాడుకోండి.

పోయిన నెల మా తమ్ముడు కారు కొంటానంటే అమ్మ వీల్‌చెయిర్ మడిచి షోరూంకి పట్టుకెళ్ళాం. లీటర్లు ఎక్కువున్న కారులో కుర్చీ అడ్డంగా పట్టలేదు. లోపల వెడల్పు 104 సెం.మీ. ఉంది, డిక్కీ నోరు మాత్రం 91, ఎందుకంటే వెనక లైట్లు రెండూ బాడీకే పెట్టి తలుపుని ఇరుకు చేశారు. పక్కనే ఉన్న రెండో కారులో లైటు సగం బాడీ మీద సగం తలుపు మీద ఉంది, నోరు 103 వచ్చింది, కుర్చీ ఎటూ తిప్పకుండా లోపలికి వెళ్ళింది. లీటర్లలో అది చిన్నదే. తమ్ముడు అదే బుక్ చేశాడు.