రెండేళ్ళు దాటిన ఎలక్ట్రిక్ కారు: కర్నూలు, అనంతపురం దారిలో చార్జింగ్ సంగతి

బండి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, పికప్, రేంజ్, శబ్దం లేకపోవడం అన్నీ మీరు వీడియోల్లో చూసే ఉంటారు. కొని రెండేళ్ళు దాటినా దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నా కోపమంతా హైవే మీద పెట్టి గాలికొదిలేసిన ఫాస్ట్ చార్జర్ల మీద.

పోయిన ఎండాకాలం అనంతపురంలో పెళ్ళి చూసుకొని కర్నూలుకి తిరిగి వస్తున్నాం. బంధువుల ఇంట్లో మామూలు ప్లగ్‌కి పెట్టింది కొంచెమే ఎక్కింది, గుత్తి దగ్గర బంకులో నింపుకుందాంలే అనుకున్నా, ఎందుకంటే యాప్‌లో ఆ చార్జర్ ఖాళీగా ఉన్నట్టు ఆకుపచ్చగా చూపిస్తోంది. చేరేసరికి రాత్రి పది దాటింది. బ్యాటరీ ఇరవై శాతం లోపే ఉంది, వెనక సీట్లో మా అమ్మ, నిద్రపోతున్న పిల్లలు. చూస్తే చార్జింగ్ గన్, అంటే కారుకి గుచ్చే ప్లగ్, పెట్టే చోట సాలెగూడు, కేబుల్ మీద వేలు పెడితే అచ్చు పడేంత దుమ్ము, స్క్రీన్ మీద ఎర్రగా ఏదో ఫాల్ట్ కోడ్. బంకు పిల్లోడిని అడిగితే "అది పని చెయ్యదన్నా, పది పదిహైదు దినాల నుంచి ఇట్లనే ఉంది" అన్నాడు. కస్టమర్ కేర్‌కి చేస్తే కంప్లైంట్ రాసుకున్నాం, 48 గంటల్లో మనిషి వస్తాడన్నారు. డోన్ దాకా పోతే ఇంకోటి ఉంది, కానీ అదీ ఇట్లనే ఉంటే నడిరోడ్డులో ఆగిపోతాం. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

అంతలో హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే ఎలక్ట్రిక్ ట్యాక్సీ ఒకటి వచ్చింది. డ్రైవరన్న మిషన్ పక్కకి పోయి, అక్కడున్న ఎర్ర గుండ్రటి ఎమర్జెన్సీ బటన్‌ను చేత్తో తడిమి చూశాడు. అది లోపలికి నొక్కుకుపోయి ఉంది. కుడివైపు తిప్పితే టక్కున బయటికొచ్చింది. పిల్లోడితో వెనక బ్రేకర్ ఒకసారి ఆపించి మళ్ళీ వేయించాడు, కాసేపటికి స్క్రీన్ మామూలుగా వచ్చేసింది. "ఎవరో నొక్కి ఉంటారన్నా, దీన్ని పట్టించుకునేవాళ్ళే లేరు" అని, పెద్దామె ఉంది కదా ముందు మీరే పెట్టుకోండి అని తను వెనక ఆగాడు. ఆ మనిషికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

అంటే అన్ని రోజులూ మిషన్‌కి ఏ రోగమూ లేదు. ఆ బటన్ సంగతి బంకులో ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇందుకే చార్జర్లకి సర్కారు డబ్బు ఇవ్వాలా వద్దా అని మా వీధిలో వాదన వచ్చినప్పుడల్లా నాకు మనసు రెండు వైపులా లాగుతుంది. కార్లున్నోళ్ళకి మా పన్నుల డబ్బెందుకు అంటారు, తాగునీటికి ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్ళున్న మన జిల్లాల్లో ఆ మాట తప్పని అనలేను. అయినా ఇవ్వాలనే నేనంటాను. ట్రాన్స్‌ఫార్మర్, లైను ఖర్చు భరించి నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా కడప పోయే రోడ్డులో చార్జర్ పెట్టమంటే, రోజుకి నాలుగు బండ్లు రాని చోటికి ప్రైవేటువాళ్ళు ఎందుకొస్తారు? ఎలక్ట్రిక్ బండ్ల కోసం కేంద్రం తెచ్చిన ఫేమ్-2 పథకంలో చార్జింగ్‌కి 1,000 కోట్లు పెట్టారు, దాని తర్వాత 2024లో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 2,000 కోట్లు, దాదాపు 72,300 చార్జర్లు లక్ష్యం. మంచిదే. కానీ ఎన్ని పెట్టారన్న లెక్క కంటే ఎన్ని పనిచేస్తున్నాయన్న లెక్క నాకు ముఖ్యం. సబ్సిడీలో కొంత భాగం ఆపి, మిషన్ ఏడాదంతా నడిచిందని తేలాకే ఇవ్వాలి. బంకు పిల్లోళ్ళకి ఒక పూట నేర్పించడానికి ఏం ఖర్చవుతుంది చెప్పండి?

ఇంకో మాట. కొన్న కొత్తలో డీజిల్ ఖర్చులో పదో వంతు కూడా కాదని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఇంట్లో చార్జ్ చేసుకుంటే ఇప్పటికీ ఖర్చు చాలా తక్కువే. హైవే మీద మాత్రం యూనిట్ ఇరవై రూపాయల దాకా పోతోంది, దాంట్లో జీఎస్టీ 18 శాతం. కారు కొన్నప్పుడు కట్టింది 5 శాతమే, మరి దాని తిండి మీద అంత ఎందుకో. దూరం తిరిగేటప్పుడు మిగులు నేను చెప్పినంత ఉండదు.

మాకు సొంత ఇల్లు, షెడ్డులో ప్లగ్ ఉంది, ఎక్కువ తిరుగుడు కర్నూలు టౌన్లోనే, కాబట్టి నాకు సరిపోయింది, మళ్ళీ కొన్నా ఇదే కొంటానేమో. అద్దె ఇంట్లో మూడో అంతస్తులో ఉండి నెలకి నాలుగుసార్లు కడపకి తిరిగేవాళ్ళకి మాత్రం నేను ధైర్యంగా చెప్పలేను. కొనేముందు ఒక ఆదివారం మీరు తిరిగే దారిలో పోయి, చార్జర్లున్న బంకుల్లో ఆగి, అక్కడ చార్జింగ్ పెట్టుకుంటున్న డ్రైవర్లని అడగండి.