నాలుగు స్పీకర్ల కోసం బెజవాడ, గుంటూరు

క్వాడ్రఫోనిక్ రికార్డులు, అంటే ముందు రెండు, వెనక రెండు స్పీకర్లలో నాలుగు ఛానళ్లుగా వినే రికార్డులు కొందామని బెజవాడ వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా: కొనే సంగతి పక్కన పెట్టండి. వినడానికైతే వెళ్లండి, అదీ గుంటూరు దాకా.

శాతవాహనలో రాత్రి దిగి గాంధీనగర్‌లో లాడ్జి తీసుకున్నా. స్టేషన్ దగ్గర, అద్దె తక్కువ, పొద్దున్నే నడుచుకుంటూ వెళ్లి బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తినొచ్చు. మంచి అంతవరకే. నా రికార్డుల పెట్టె పెట్టుకోవడానికి ఎండ పడే గోడ తప్ప రూములో వేరే చోటే లేదు, వినైల్‌కేమో వేడి పడదు. పోనీ కౌంటర్లో దాచమంటే అక్కడి కుర్రాడు దాన్ని పడుకోబెట్టి పైన ఎవరిదో సూట్‌కేసు ఎక్కించాడు! మర్నాడే బెంజి సర్కిల్ వైపు మారిపోయా. అద్దె దాదాపు రెట్టింపైనా అల్మారా ఉంది, లిఫ్టు ఉంది, నిద్ర పట్టింది. రికార్డులు వెంట ఉంటే ఆ డబ్బు దండగ కాదు.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో గంటలకొద్దీ తిరగొచ్చు, పుస్తకాల కోసమైతే. అడిగితే ఎక్కడో అడుగు నుంచి ఎల్పీ రికార్డులు తీస్తారు. తెలుగు సినిమాదైతే పేరు చూసి రేటు చెప్తారు, ఇంగ్లీషుదైతే "ఏదోటి ఇచ్చి తీసుకెళ్లండి సార్" అంటారు. నాకు దొరికిన ఆర్కెస్ట్రా రికార్డు అట్ట మూలన చిన్నగా ఎస్‌క్యూ అని ఉంది, అమ్మినాయన అది చూడనేలేదు. 1971లో సీబీఎస్ రికార్డు కంపెనీ తెచ్చిన క్వాడ్రఫోనిక్ పద్ధతి ఇది. నాలుగు ఛానళ్లనీ రెండింట్లో కలిపేస్తారు, డీకోడర్ అనే పరికరం మళ్లీ విడదీస్తుంది, కాబట్టి మామూలు స్టీరియో సూది చాలు, రికార్డు కాస్త అరిగినా పెద్దగా బెంగ లేదు.

జేవీసీ వాళ్ల ఇంకో క్వాడ్రఫోనిక్ పద్ధతి సీడీ-4 అలా కాదు. గాడి ఒక్కో గోడలోనూ మామూలు పాటతో పాటు 30 కిలోహెర్ట్జ్ మీద చెవికి అందని ఇంకో సిగ్నల్ ఉంటుంది, ముందు స్పీకర్‌కీ వెనక స్పీకర్‌కీ ఉన్న తేడా అంతా అందులోనే. దాన్ని సరిగ్గా అందుకోవడానికే షిబాటా సూది పుట్టింది. మొద్దు సూదితో అరగదీసిన కాపీ ఎంత తళతళలాడినా లాభం లేదు, వెనక నుంచి గరుకు కాగితం రుద్దినట్టు గరగరే వస్తుంది. పాత షాపులో ఇది కనిపెట్టే దారి లేదు, అందుకే సీడీ-4 రికార్డుని చూసి కొనను, విని కొంటా.

సీడీ-4 సిగ్నల్ని విప్పి నాలుగు ఛానళ్లు చేసే నా డీమాడ్యులేటర్ జపాన్‌ది, 100 వోల్టులది. సిటీలో ఒక ఆడియో రిపేరు షాపులో చూపిస్తే "నాలుగు స్పీకర్లేగా సార్, రెండేసి కలిపి కొట్టేస్తే పోద్ది" అన్నాడు. దండం పెట్టి ఆటోనగర్ వెళ్లా. అక్కడి వైండింగ్ షాపాయనకి క్వాడ్ అంటే ఏంటో తెలీదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. "ఎంత లోడు?" అని ఒక్క ముక్క అడిగి 230 నుంచి 100కి దించే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి, చెప్పిన టైముకి చేతిలో పెట్టాడు. ఈ ట్రిప్పులో సర్వీసంటే అదే.

గుంటూరుకి నెహ్రూ బస్టాండ్ నుంచి బస్సులకి కొదవ లేదు, కానీ సీటు దొరికాకే ఎక్కండి, ఈ సామానుతో నిలబడలేం. అక్కడ బ్రాడీపేటలో క్వాడ్ వినే ఒక మాస్టారు ఉన్నారు, మేడ మీద గదంతా దీనికే వదిలేశారు. టర్న్‌టేబుల్ పక్కన నా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టగానే స్పీకర్లలో హమ్, అదే గుంయ్ మనే మోత, మొదలైంది. ఆయన మాట్లాడకుండా ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి దాన్ని వరండాలోకి తోసేశారు, హమ్ పోయింది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే వైరు మూరెడు కూడా లేదు. పొడుగైతే దాని కెపాసిటెన్స్ (చార్జి పట్టి ఉంచే గుణం) పెరిగి ఆ 30 కిలోహెర్ట్జ్ సిగ్నలే ముందు చస్తుందట. సీడీ-4 రికార్డు మీద సూది దిగింది, డీమాడ్యులేటర్ మీద ఎర్ర దీపం వెలిగింది, అంటే సిగ్నల్ దొరికిందన్నమాట. ముందూ వెనకా విడదీసే దాని సెపరేషన్ మరలు పావు చుట్టు అటూ ఇటూ తిప్పేసరికి, అంతదాకా ముందే కలగాపులగంగా ఉన్న బూరాలు టక్కున నా ఎడమ భుజం వెనక్కి వెళ్లాయి.

తర్వాత నా ఎస్‌క్యూ రికార్డు వేశాం. సాదా డీకోడర్ కదా, ఎడమ కుడి బాగానే విడిపోయాయి కానీ ముందూ వెనకా ఒకదాంట్లోకి ఒకటి కారుతూనే ఉన్నాయి. శుభ్రమైన కాపీ దొరికితే నా ఓటు సీడీ-4కే. కాకపోతే రెండిటికీ కుర్చీ ఒక్కటే, జానెడు జరిగినా దగ్గరి స్పీకరే మోగినట్టుంటుంది. నలుగురూ కూర్చుని వినే సరదా కాదిది.

రాత్రికి బెజవాడ తిరిగొచ్చేయొచ్చు కాబట్టి గుంటూరులో రూము అక్కర్లేదు. వెళ్తే డిసెంబరులోనో జనవరిలోనో వెళ్లండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ పెట్టె పట్టుకుని బస్సెక్కకండి.