బాబు బీటీకే టెస్ట్ (పుట్టుకతో వచ్చే ఇమ్యూనిటీ లోపానికి చేసేది), ల్యాబ్‌తో మా అనుభవం

బాబుకి 8వ నెల నుంచి ఒకటే చెవిలో చీము, రెండుసార్లు నిమోనియా, రక్తంలో ఐజీజీ (ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీ) దాదాపు లేదు, ఆ యాంటీబాడీలు తయారవడానికి కావాల్సిన బీ సెల్స్ అసలే లేవు, అప్పుడు డాక్టర్ గారు ఎక్స్ఎల్ఏ (ఎక్స్ క్రోమోజోమ్‌లో లోపం వల్ల మగపిల్లలకి యాంటీబాడీలు తయారుకాని జబ్బు) అనుమానంతో హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కి పంపారు. ఫ్లో సైటోమెట్రీలో (కణాల్ని ఒక్కొక్కటిగా మెషీన్‌తో చూసే పరీక్ష) మోనోసైట్లలో, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల్లో, బీ సెల్స్ పెరగడానికి కావాల్సిన బీటీకే ప్రోటీన్ ఉందో లేదో చూస్తారు, 3 రోజుల్లో రిపోర్ట్ ఇచ్చేశారు, బాబుకి లేదు. నా రక్తం కూడా తీశారు, నా గ్రాఫ్‌లో రెండు గుట్టలు, కొన్ని కణాల్లో ఉంది కొన్నిట్లో లేదు, అంటే క్యారియర్‌ని (జబ్బు లేకుండా ఆ లోపమున్న జీన్‌ని మోసేదాన్ని) నేనే. కాగితం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయా. కౌన్సెలర్ మేడమ్ పక్కన కూర్చుని "నీ తప్పేం లేదమ్మా" అని ఎక్స్ క్రోమోజోమ్ బొమ్మ గీసి మరీ చెప్పారు, ఆవిడకి దండం. జీన్‌లో తప్పు ఎక్కడుందో చూసే జీన్ సీక్వెన్సింగ్ మాత్రం 4 వారాలన్నారు 9 పట్టింది, ఫోన్ చేస్తే ఎత్తరు, చాలా ఏడిపించారు. బాబుకి నెలనెలా ఐవీఐజీ (నరం ద్వారా ఇచ్చే యాంటీబాడీలు) ఎక్కిస్తున్నాం, చెవి ఆరింది. చెల్లి కూడా క్యారియరేమో చూడాలని వచ్చే వారం దాన్ని టెస్ట్‌కి తీసుకెళ్తున్నా, దానికిప్పుడు కడుపుతో 3వ నెల.