చిన్న ఆంప్‌కి స్ప్రింగ్ రివర్బ్: అసలు స్ప్రింగులా, డిజిటల్ పెడలా?

బాస్ కటానా మినీ లాంటి బ్యాటరీ ఆంప్ కొన్నవాళ్లకి కొద్ది రోజుల్లోనే ఒక లోటు తెలుస్తుంది. ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే 7 వాట్ల పవర్, 4 అంగుళాల స్పీకర్, భుజానికి తగిలించుకుపోయేంత సైజు. అన్నీ బాగున్నాయి, రివర్బ్ (గదిలో మోగినట్టు శబ్దం వెనకే సాగే మోత) మాత్రం లేదు. టేప్ ఎకో తరహా డిలే, అంటే వాయించింది కాస్త ఆగి మళ్లీ వినిపించే ఎఫెక్ట్, ఒక్కటే ఇచ్చారు. క్లీన్ గిటార్‌ని స్ప్రింగ్ రివర్బ్‌తో వినడం అలవాటైన చెవికి ఆ పొడి సౌండ్ ఎక్కదు. బయటి నుంచి జోడించుకోవడానికి దారులు నాలుగైదు ఉన్నాయి గానీ ధరలో, బరువులో, తాగే కరెంటులో ఒకదానికొకటి పొంతన లేదు. నా ఓటు ముందే చెప్పేస్తాను: ఇంటి బయట వాయించేవాళ్లకి స్ప్రింగ్ ట్యాంక్‌ని (అసలు స్ప్రింగులుండే రేకు పెట్టెని) శ్రద్ధగా అనుకరించిన డిజిటల్ పెడలే మేలు. అలాగని ఏ డిజిటల్ రివర్బ్ అయినా సరిపోదు.

అసలు స్ప్రింగ్ చేసే పనేంటో చూద్దాం. లారెన్స్ హామండ్ తన ఆర్గన్ల కోసం దీన్ని వాడుకలోకి తెచ్చాడు. ఫెండర్ కంపెనీ 1961లో 6జీ15 అనే విడి రివర్బ్ పెట్టెగా గిటారిస్టులకి అందించింది, 1963లో వైబ్రోవెర్బ్ ఆంప్ లోపలే పెట్టేసింది. ఆ ట్యాంక్ విప్పి చూస్తే పెద్ద హంగేమీ ఉండదు. దాదాపు 17 అంగుళాల రేకు ట్రే, దాని లోపల నాలుగు చిన్న స్ప్రింగుల మీద వేలాడే ఇంకో ట్రే, అందులో ఈ చివర నుంచి ఆ చివరకి రెండు సన్నటి పొడవాటి స్ప్రింగులు. స్ప్రింగ్ కొసల్లో బుల్లి అయస్కాంతాలు ఉంటాయి. ఒక పక్క కాయిల్ వాటిని తిప్పుతుంది, అటు పక్క కాయిల్ ఆ కదలికను మళ్లీ సిగ్నల్‌గా మారుస్తుంది.

ఆ స్ప్రింగులో అన్ని శబ్దాలూ ఒకే వేగంతో ప్రయాణించవు. సుమారు 4 కిలోహెర్ట్జ్ లోపు బేస్ ముందుగా అవతలికి చేరుతుంది, ట్రెబుల్ వెనకబడుతుంది. తీగ మీద అరచేయి ఆనించి పిక్‌తో ‘టక్’మని కొడితే, ఆ ఒక్క దెబ్బ సాగి కింది నుంచి పైకి జారే ‘ట్యువ్’ అయి తిరిగొస్తుంది. సర్ఫ్ గిటారిస్టులు (1960ల నాటి అమెరికన్ సర్ఫ్ సంగీతం వాయించేవాళ్లు) డ్రిప్ అనేది దీన్నే. దెబ్బ పడ్డ క్షణంలో వినపడేది డ్రిప్, ఆ తర్వాత రెండు మూడు సెకన్లు మెల్లగా ఆరిపోయేది తోక. 4 అంగుళాల స్పీకర్‌తో పార్కులోనో మేడ మీదో వాయించేటప్పుడు తోక చుట్టూ ఉన్న చప్పుళ్లలో కలిసిపోతుంది. డ్రిప్ మాత్రం స్పష్టంగా వినపడుతుంది. అందుకే పోర్టబుల్ రిగ్‌కి (వెంట తీసుకెళ్లే ఆంప్, పెడల్స్ సెట్‌కి) రివర్బ్ ఎంచేటప్పుడు తోక ఎంత పొడవు అని కాకుండా డ్రిప్ ఎంత నిజంగా ఉందని చూడాలి.

ఆ లెక్కన అసలు ట్యాంక్‌ని మించింది లేదు. 6జీ15 తరహా ట్యూబ్ పెట్టెకి కరెంట్ ప్లగ్ కావాలి కాబట్టి దాన్ని పక్కన పెడదాం. ట్యూబుల బదులు ఫెట్ ట్రాన్సిస్టర్లతో నడిచే సర్ఫీబేర్ లాంటివి వచ్చాయి, సౌండ్ అద్భుతంగా ఉంటుంది. గట్టిగా కొడితే స్ప్రింగ్ గట్టిగా ఎగిరిపడుతుంది, మెల్లగా మీటితే మెల్లగా ఊగుతుంది. చేతికి అంత దగ్గరగా స్పందించే ఇంకో ఎఫెక్ట్ నాకు తెలీదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పక్కన లేకపోతే ట్యాంక్‌కి హమ్ (గుయ్‌మనే రొద) బాధ కూడా తక్కువే. బ్యాటరీ రిగ్‌లో ఇది నిజంగా కలిసొచ్చే సంగతి.

చిక్కంతా మోసుకెళ్లడంలోనే ఉంది. ఫెండర్ ఆంపుల్లో మామూలుగా కనపడే ట్యాంక్ నంబర్ 4ఏబీ3సీ1బీ. ఇందులో ‘3’ అంటే తోక పొడవైన రకం. ‘1’ అంటే ప్రయాణంలో స్ప్రింగుల్ని పట్టి ఉంచే లాక్ లేదని. చివరి ‘బీ’ అంటే తెరిచి ఉన్న పక్క కిందికి ఉండేలా అడ్డంగా బిగించాలని. ఇలాంటి వస్తువుని గిటార్ బ్యాగులో నిలువుగా దోపి బైక్ మీద స్పీడ్ బ్రేకర్లు ఎక్కిస్తూ తీసుకెళ్లడం నాకైతే మనసొప్పదు. ఒక్క సన్నటి వైరు తెగినా ట్యాంక్ మూగబోతుంది. వాయిస్తుండగా ఎవరైనా స్టాండ్‌కి తగిలినా స్పీకర్లోంచి ఉరిమినట్టు ఢమఢమలాడుతుంది. కొందరికి ఆ చప్పుడు ఇష్టం. డేన్‌ఎలెక్ట్రో వాళ్ల స్ప్రింగ్ కింగ్ పెడల్‌లో స్ప్రింగుల్ని కాలితో తన్నడానికి ప్రత్యేకంగా ఒక ప్యాడ్ కూడా పెట్టారు.

స్ప్రింగ్ కింగ్ లాంటి చిన్న పెట్టెలు నడిమధ్య దారి. వాటిలో ఉండేవి నిజం స్ప్రింగులే, పొట్టివి. పొడవు తగ్గేకొద్దీ ప్రతిధ్వని త్వరగా తిరిగొస్తుంది, సౌండ్ కాస్త డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. చిన్న స్పీకర్‌కి మిడ్స్ (బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య శబ్దాలు) ఎలాగూ ఎక్కువ కాబట్టి ఆ డబ్బా గుణం రెట్టింపై వినపడుతుంది. పొడవాటి ట్యాంక్ ఇచ్చే లోతు రాదు, మోయడంలో ఉండే తంటాలు మాత్రం సగం అలాగే ఉంటాయి. నేనైతే సిఫారసు చెయ్యను.

బెల్టన్ బ్రిక్ వాడే పెడల్స్ గురించి ఒక ముక్క. ఆ ఇటుకలో స్ప్రింగ్ ఏదీ ఉండదు, మూడు పీటీ2399 డిలే చిప్పులు ఉంటాయి. సోల్డరింగ్ వచ్చినవాళ్లు ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. మెత్తగా, నిండుగా, వినడానికి హాయిగా ఉంటుంది. డ్రిప్ మాత్రం ఉండదు. మెలడీ పాటలు వాయించేవాళ్లకి చాలు.

ఇక డిజిటల్. ఇక్కడ రెండు జాతులున్నాయి, కొనేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. బాస్ ఆర్‌వీ-6 లాంటి పెడల్‌లో హాల్, ప్లేట్, రూమ్‌తో పాటు స్ప్రింగ్ కూడా ఒక మోడ్. పనికొస్తుంది, కాకపోతే సున్నితంగా ఉంటుంది. రెండో జాతి స్ప్రింగ్ కోసమే పుట్టింది. క్యాటలిన్‌బ్రెడ్ టొపాంగా నేరుగా 6జీ15 పెట్టెని చూసి చేసింది. బాస్ ఎఫ్ఆర్‌వీ-1 కూడా ఫెండర్ పెట్టెకి నకలే, ఇప్పుడు తయారీలో లేదు గానీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. వీటిలో డ్వెల్ అనే నాబ్ ఉంటుంది. స్ప్రింగుని ఎంత బలంగా తొయ్యాలో అది చెబుతుంది. డ్రిప్‌ని పెంచేదీ తగ్గించేదీ అదే. డ్వెల్ లేని పెడల్‌లో మీ చేతికి దొరికేది ఎక్కువగా తోక మాత్రమే.

కరెంట్ లెక్క కూడా చూసుకోవాలి. ఆర్‌వీ-6 తీసుకునేది 95 మిల్లీఆంపులు. 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ సామర్థ్యం ఇంచుమించు 500 ఎంఏహెచ్, అంటే మహా అయితే నాలుగైదు గంటలు. స్ట్రైమాన్ ఫ్లింట్‌కి 250 మిల్లీఆంపులు కావాలి, ట్రెమలో (శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగే ఎఫెక్ట్) కూడా కలిసొస్తుందని మోజుపడితే అడాప్టరో పవర్ బ్యాంకో తప్పదు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌కి 5 వోల్టుల్ని 9గా పెంచే కేబుల్ తగిలిస్తే ఆర్‌వీ-6 లాంటి పెడల్ రోజంతా నడుస్తుంది. అదే పవర్ బ్యాంక్ నుంచి ఆంప్‌కి కూడా కరెంట్ ఇవ్వకండి. డిజిటల్ పెడల్ రొద సన్నటి ఈలలా స్పీకర్లోకి వచ్చే అవకాశం ఉంది. ఆంప్‌కి దాని సెల్స్ దానికుంటే టెన్షన్ లేదు.

ఇలాంటి చిన్న ఆంపులకి ఎఫెక్ట్స్ లూప్ (ఆంప్ డిస్టార్షన్ తర్వాత పెడల్ కలిపే చోటు) ఉండదు, రివర్బ్ ఇన్‌పుట్ ముందే పడుతుందని చాలామంది వెనకాడతారు. క్లీన్‌లో, అంటే డిస్టార్షన్ లేకుండా, వాయించేవాళ్లకి ఆ భయం అక్కర్లేదు. సర్ఫ్ గిటారిస్ట్ డిక్ డేల్ కాలంలోనూ 6జీ15 పెట్టె గిటార్‌కీ ఆంప్‌కీ మధ్యనే ఉండేది, సర్ఫ్ రికార్డుల్లో మనం వినే సౌండ్ అలా వచ్చిందే. కటానా మినీలో క్రంచ్, బ్రౌన్ అనే, శబ్దాన్ని పగలగొట్టే మోడ్‌లు వాడితే మాత్రం డిస్టార్షన్ రివర్బ్‌ని కూడా నమిలేస్తుంది, అంతా బురదైపోతుంది. డిస్టార్షన్‌తోనే ఎక్కువ వాయించేవాళ్లు పెడల్ మీద డబ్బు పెట్టకుండా లైన్ 6 హెచ్ఎక్స్ స్టాంప్ లాంటి మల్టీ ఎఫెక్ట్స్ తీసుకుని, అందులోనే ఆంప్ మోడల్ తర్వాత రివర్బ్ పెట్టుకోవడం నయం. దాన్ని స్టీరియో ఇన్‌పుట్ ఉన్న స్పీకర్‌కో హెడ్‌ఫోన్స్‌కో కలపాలి, చిన్న గిటార్ ఆంప్ ముందు పెడితే మళ్లీ అదే బురద.

ఇంట్లోనే వాయించుకునేవాళ్లు, కారులో సామాను వేసుకెళ్లే సర్ఫ్ బ్యాండ్ వాళ్లు నా మాట పక్కన పెట్టి నిజం ట్యాంకే కొనుక్కోండి. మిగతావాళ్లు షాపుకి వెళ్లేటప్పుడు మీ గిటార్, కుదిరితే మీ చిన్న ఆంప్ వెంట తీసుకెళ్లండి. డ్వెల్ మూడొంతులు, మిక్స్ (రివర్బ్ పాలు) సగం కన్నా తక్కువ, టోన్ మధ్యలో పెట్టండి. లావు తీగలు రెండింటి మీద అరచేయి ఆనించి, విడివిడిగా, ఆగి ఆగి కొట్టండి. ప్రతి దెబ్బ వెనకా ఆ జారుడు వినపడాలి, గట్టిగా కొట్టినప్పుడు ఎక్కువగా, మెల్లగా కొట్టినప్పుడు తక్కువగా. రెండింటికీ ఒకేలా మోగితే ఎంత పేరున్న పెడలైనా తిరిగి ఇచ్చేయండి.